నొప్పి పోతలేదు: మందు లేకుండా సాగిన ఒక తొలి కాన్పు

తెలుగులో మాకో చిక్కుంది. గర్భసంచి బిగుసుకోవడాన్ని నొప్పులు అంటాం, ఒళ్లు బాధపెట్టడాన్ని నొప్పి అంటాం. కేస్‌షీట్ మీద 'నొప్పులు బాగున్నాయి' అని రాశామంటే కాన్పు దారిలో పడిందని అర్థం. మంచం మీదున్న మనిషిని అడిగితే అందులో బాగున్నదేమిటో ఆమెకు తెలియదు. ఈ కేసులో ఒక అమ్మాయి నాలుగు గంటలు ఎక్కువ బాధపడటానికి కారణం ఆ రెండు మాటల మధ్య నేను పడ్డ తికమకే. అందుకే రాస్తున్నాను.

నేను ఉత్తర తెలంగాణలో ఒక ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌ని, అంటే మామూలు కాన్పులు చేయడానికి శిక్షణ పొందిన నర్సుని. తొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక ఈ శిక్షణలోకి వచ్చాను. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో మొదలుపెట్టిన 18 నెలల కోర్సు ఇది. నేను తర్వాతి బ్యాచ్‌ల మనిషిని. కేస్ రాసుకుంటానంటే ఆ అమ్మాయి ఒప్పుకుంది. గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు మార్చాను. పేరు పెట్టడం లేదు.

వయసు 22. తొలిచూలు. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. భర్త మస్కట్‌లో, పురుడుకు పుట్టింటికి వచ్చింది. బీపీ, షుగర్ సమస్యల్లేవు, హిమోగ్లోబిన్ 10.8, స్కాన్‌లో బిడ్డ తల కిందికే ఉంది. మా లెక్కలో ప్రమాదం తక్కువున్న కేసు. ఇలాంటి కేసులే మిడ్‌వైఫ్‌ల చేతికి వస్తాయి.

34వ వారంలో, కాన్పుకు సిద్ధం చేసే మా తరగతికి వచ్చినప్పుడే మొదటి మాటగా "నాకు ఆపరేషనే చేయుండ్రి అక్కా, ఒక్కసారే అయిపోతది" అంది. వాళ్లక్కకు ఆపరేషనే అయింది. వాడకట్టులో ఇద్దరికీ అంతే. ఆశ్చర్యమేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. ఇందులో ముహూర్తాల వాటా ఎంతో, డాక్టర్ల తీరిక వాటా ఎంతో నేను చెప్పలేను గానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నోట వచ్చేది భయం గురించే. నొప్పి అంటే భయం కూడా కాదు, ఆ నొప్పిలో ఒంటరిగా పడి ఉండాలన్న భయం. వాళ్లక్కను లేబర్ రూమ్‌లో ఎవరో తిట్టారట. ఆ తిట్టు చెల్లెలి దాకా వచ్చింది.

తరగతిలో మేం చేయించేది పెద్ద విద్యేమీ కాదు. ఫ్రిజ్‌లోంచి మంచుముక్క తీసి అరచేతిలో పెట్టి పిడికిలి మూయమంటాం, ఒక నిమిషం. మొదటిసారి ఊపిరి బిగబట్టి భుజాలు పైకెత్తి పట్టుకుంటారు. 30 సెకన్లకే వదిలేస్తారు. రెండోసారి నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ పట్టుకోమంటాం. మంచు అదే, చలి అదే, కానీ నిమిషం గడిచిపోతుంది. ఆ అమ్మాయి రెండోసారి గెలిచి, "ఇగో అక్కా, కరిగింది" అని చేయి చాపి చూపించింది. వెంట వాళ్లమ్మ కూడా ఉంది. ఆమెనూ పట్టుకోమన్నాం. ఆమె పిడికిలి మూసి, మాతో ముచ్చట చెబుతూనే నీళ్లు చేసి కింద పోసింది. నాట్లేసిన చేతులు.

అదే రోజు వాళ్లమ్మకు రెండు పనులు నేర్పాం. ఒకటి, త్రికాస్థి మీద, అంటే నడుము కింద పిరుదులు మొదలయ్యే చోట, అరచేతి మడమ ఆనించి నొప్పి వచ్చినంతసేపూ నెట్టి పట్టుకోవడం. రుద్దకూడదు, పిసకకూడదు, బిగుసుకున్న తలుపును నెట్టినట్టు నెట్టాలి. రెండోది, తుంటి రెండు పక్కలా అరచేతులు ఆనించి లోపలికి, కొంచెం పైకి నొక్కడం. నొప్పి కబురు చేరే వెన్నుపాముకే ఒత్తిడి, స్పర్శ కబుర్లు కూడా చేరతాయని, అవి చేరితే నొప్పి కబురు కొంత ఆగుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. దెబ్బ తగిలిన చోట మనం గబుక్కున రుద్దుకుంటాం చూడండి, అదే. వాళ్లమ్మకు ఈ సిద్ధాంతమేం చెప్పలేదు. "మోకాలికి రాయి తగిలితే ఏం చేస్తవమ్మా?" అని అడిగితే ఆమే చేసి చూపించింది.

39 వారాల 4 రోజులకు, రాత్రి 11.40కి, 102 బండిలో వచ్చారు. గర్భసంచి నోరు 3 సెంటీమీటర్లు తెరుచుకుంది. పది నిమిషాలకు రెండు నొప్పులు, అవీ పొట్టివి. ఉమ్మనీరు పోలేదు. బిడ్డ గుండె నిమిషానికి 142. మామూలుగా అయితే ఇంటికి పంపి మళ్లీ రమ్మనాల్సిన దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల ప్రకారం అసలు కాన్పు దశ 5 సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతుంది. కానీ ఊరు 28 కిలోమీటర్లు, అర్ధరాత్రి. వార్డులోనే ఉంచాం. ఈ దశలో నేను చెప్పే ఉపాయం ఒక్కటే: తిను, తాగు, పడుకో. కొత్తవాళ్లు రాత్రంతా కారిడార్‌లో నడిచి నడిచి, అసలు పనికి వచ్చేసరికి నీరసపడిపోతారు. ఈమెకు రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ పట్టించి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాం. నిద్ర ముక్కలు ముక్కలుగా పట్టింది. చాలు.

పొట్ట చూసినప్పుడు ఒక సంగతి కనబడింది. బొడ్డు కింద గుండ్రంగా ఉండాల్సిన చోట గుంటలా ఉంది, బిడ్డ గుండె కుడి పక్కకు బాగా జరిగి వినబడుతోంది. అంటే బిడ్డ వీపు తల్లి వీపు వైపుకు ఉంది. తల వెనుక భాగం తల్లి త్రికాస్థికి ఆనుతుంది. కాన్పు సాగుతుంటే చాలామంది బిడ్డలు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు, కానీ తిరిగేదాకా నడుము నలిగిపోతుంది. బీడీలు చుడుతూ వంగి కూర్చోవడం వల్లే ఇలా అయిందని ఒక ఆయా తీర్పు చెప్పేసింది. అలాంటి మాటలు నేను నమ్మను. తొమ్మిదో నెలలో చేతులు, మోకాళ్ల మీద వంగి ఉంటే బిడ్డ తిరుగుతుందని చాలా చోట్ల నేర్పిస్తారు, దాన్ని పరీక్షించి చూస్తే తేడా రాలేదు. అదే భంగిమ నొప్పుల్లో ఉన్నప్పుడు నడుము బాధ తగ్గిస్తుందన్నది మాత్రం నిలబడింది. కేస్‌షీట్‌లో బిడ్డ తీరు రాశాను. రాసి, నేనే మరిచాను.

ఉదయం 6 గంటలకు 5 సెంటీమీటర్లు. అక్కడి నుంచి కొత్త లేబర్ కేర్ గైడ్ కాగితం, అంటే కాన్పు సాగే తీరు గంట గంటకూ నింపే పట్టిక, మొదలవుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చినది. ఇంతకుముందు వాడిన పార్టోగ్రాఫ్ అనే పట్టికలో లేని నాలుగు గడులు ఇందులో ఉన్నాయి: తోడు ఎవరైనా ఉన్నారా, నొప్పికి ఉపశమనం అందిందా, నోటితో ఏమైనా తాగిందా, ఏ భంగిమలో ఉంది. అవునంటే 'వై', కాదంటే 'ఎన్', ఇస్తామన్నా ఆమె వద్దంటే 'డి'. భంగిమ గడిలో వెల్లకిలా పడుకుని ఉంటే ఒక గుర్తు, తిరుగుతూ ఉంటే ఇంకో గుర్తు. బిడ్డ గుండె, నాడి, బీపీ వరసలోనే ఈ గడులూ ఉంటాయి. 'ఎన్' పడితే గుండె చప్పుడు తేడా వచ్చినట్టే దాని చుట్టూ సున్నా చుట్టాలి, ఏదో ఒకటి చేయాలి. నాకు ఈ కాగితంలో బాగా నచ్చింది ఇదే.

పొద్దుట మూడు గంటలు బాగా గడిచాయి. గాలి నింపిన పెద్ద బంతి మీద కూర్చుని మెల్లగా ఊగింది. నొప్పి వచ్చినప్పుడల్లా లేచి, కిటికీ గట్టు పట్టుకుని ముందుకు వాలింది. వాళ్లమ్మ వెనక నుంచి నెట్టి పట్టుకుంది. ఊపిరి లెక్కపెట్టడం ఆ అమ్మాయికి కుదరలేదు. ఒకటి, రెండు అనగానే చిరాకు పడింది. అప్పుడు వాళ్లమ్మ తనంతట తానే, బతుకమ్మ ఆడేటప్పుడు ప్రతి చరణం చివరా పాడే "ఉయ్యాలో" అన్న ముక్కను కిందిగొంతుతో సాగదీసింది. పైన మాటలేవీ లేవు, ఉత్త "ఉయ్యాలో…" మాత్రమే. కూతురు అందుకుంది. ఆ ఒక్క ముక్క సాగదీసేసరికి ఊపిరి నిండుగా బయటికి పోతుంది, దవడ వదులవుతుంది, భుజాలు దిగుతాయి. మేం తరగతిలో ఇంగ్లిష్ పుస్తకం చూసి నేర్పించే శ్వాసకన్నా అది చక్కగా పనిచేసింది. కీచుగా అరిచే అరుపు వేరు, ఇలా కింది నుంచి వచ్చే మూలుగు వేరు. మొదటిది భయం, రెండోది పని. "అరవకు" అని గదమాయించే నర్సులు, నేను కూడా ఒకప్పుడు అలాంటిదాన్నే, ఈ తేడా విని ఉంటే సగం తిట్లు తప్పేవి.

10 గంటలకు చూస్తే 6 సెంటీమీటర్లు. నొప్పులు పదినిమిషాలకు మూడు, ఒక్కొక్కటీ 40 సెకన్లు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "అక్కా, నొప్పి పోతలేదు."

నేను దాన్ని నొప్పులు ఆగడం లేదన్నట్టు విన్నాను. ఆగకూడదు కదా. "మంచిదే చెల్లె, నొప్పులు బాగున్నయ్, గిట్లనే రావాలె" అన్నాను. కాగితం మీద రాశాను కూడా. ఆమె చెప్పింది అది కాదు. కడుపు వదులైనా నడుములో నొప్పి వదలడం లేదని, రెండు నొప్పుల మధ్య దొరకాల్సిన రెండు మూడు నిమిషాల విరామం తనకు దొరకడం లేదని. కాన్పు నొప్పిని మనిషి ఓర్చుకోగలిగేది ఆ విరామం వల్లే. అది లేకపోతే ఎంత ఊపిరి నేర్పినా నిలవదు. బిడ్డ వీపు వెనక్కి ఉందని రాత్రి నేనే రాసుకున్నాను. రెండూ కలిపి చదివే తీరిక నాకు దొరకలేదు అనను, తోచలేదు.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 11.10కి పై అధికారుల రౌండ్ వస్తుందని కాపలా మనిషి లేబర్ రూమ్‌లోని ఆడవాళ్లందరినీ బయటికి పంపేశాడు. అదే సమయంలో పక్క గదిలో ఒకామెకు కాన్పు తర్వాత రక్తస్రావం, నన్ను పిలిచారు. తిరిగి వచ్చేసరికి 11.50. నలభై నిమిషాలు. ఆ అమ్మాయి మంచం మీద వెల్లకిలా ఉంది, రెండు చేతులతో ఇనప కడ్డీలు పట్టుకుని, వేళ్లు తెల్లబడి, నోరెండిపోయి. బిడ్డ గుండె చూడటానికి వచ్చిన నర్సు పడుకోమందట, తర్వాత లేపేవాళ్లు లేరు. బిడ్డ వీపు వెనక్కి ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోవడమంటే ఆ తల బరువంతా నడుము మీద వేసుకోవడమే. నన్ను చూసి, "నాతోని గాదు. కడుపు కోసి తీయుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అంది. తోడు గడిలో 'ఎన్'. భంగిమ గడిలో వెల్లకిలా. నొప్పి ఉపశమనం 'ఎన్'. మూడింటికీ నేనే సున్నాలు చుట్టాను.

కాన్పులో తోడు ఉండనివ్వాలని 2016లో కేంద్రం చెప్పింది, లేబర్ రూమ్‌లను మెరుగుపరిచే కేంద్రం వారి లక్ష్య కార్యక్రమంలోనూ ఉంది. వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2017 సమీక్ష 26 అధ్యయనాలు, 15,800 మందికి పైగా స్త్రీలను లెక్కలోకి తీసుకుని, కాన్పు పొడవునా ఒక మనిషి పక్కనుంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, ఆపరేషన్లు, నొప్పి మందుల వాడకం తగ్గుతాయని తేల్చింది. ఇదంతా మా గోడ మీద పోస్టర్‌లో ఉంది. కాపలా మనిషి ఆ పోస్టర్ కిందే కూర్చుంటాడు. అతనిదీ తప్పు కాదు, అతనికి చెప్పినవాళ్లు లేరు.

వాళ్లమ్మను లోపలికి పిలిపించాను. ఆపరేషన్ అడిగిన మాటను కొట్టేయలేదు. డ్యూటీ డాక్టరమ్మను పిలిచాను. ఆమె చూసి, బిడ్డ గుండె బాగుంది, తల్లీ బాగుంది, ఆపరేషన్‌కు ఇప్పుడైతే కారణం లేదు, నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వగలం అన్నారు. ఎపిడ్యూరల్, అంటే నడుము దగ్గర వెన్నులో ఇచ్చే నొప్పి మందు, మా దగ్గర మత్తు డాక్టరుకు తీరిక ఉన్నప్పుడే, ఆ రోజు ఆయన థియేటర్‌లో ఉన్నారు. వాళ్లమ్మ వెంటనే, "వద్దు సారూ… మేడం, బిడ్డకు మత్తు ఎక్కుతది" అంది. నేను ఆమెను కాసేపు మంచినీళ్లు తెమ్మని పంపి, అమ్మాయిని విడిగా అడిగాను. మందు తీసుకోవడం ఓడిపోవడం కాదు, తీసుకోకపోవడం పతకం కాదు, నీ ఇష్టం అన్నాను. "ముందుగాల నడుము సంగతి చూడుండ్రి" అంది. అప్పుడుగానీ నాకు పొద్దుటి మాట అర్థం కాలేదు.

మొదట నీళ్లు. మాకు టబ్బు లేదు. బాత్రూమ్‌లో గీజరు, బకెట్టు, చెంబు ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీని వెనక్కి తిప్పి వేసి, వీపు బయటికి ఉండేలా, కుర్చీ వెన్నుపట్టీ మీద దిండు పెట్టి దాన్ని కావలించుకుని కూర్చోమన్నాను. నేల తడి కాబట్టి కింద గోనెసంచి. మోచేతితో వేడి చూసి, వాళ్లమ్మ చెంబుతో నడుము మీద ధారగా పోసింది, నొప్పి వచ్చినప్పుడు ఆపకుండా, పోయాక మెల్లగా. పండగ పూట తలంటు పోసినట్టే ఉంది చూస్తుంటే. గుండె చప్పుడు అక్కడే కూర్చోబెట్టి డాప్లర్‌తో విన్నాం, అరగంటకోసారి. ముప్పావుగంట అలా గడిచింది. అరుపులు ఆగి "ఉయ్యాలో" తిరిగి వచ్చింది.

ఇక్కడో మాట. వేడి కాపడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, ఉప్పు వేయించి మూట కట్టి పెడతారు. ఆ మూట నేను లేబర్ రూమ్‌లోకి రానివ్వను. నొప్పుల్లో ఉన్న మనిషికి చర్మం కాలుతున్నది తెలియదు. ఒకసారి ఇంకోచోట నడుము మీద బొబ్బ చూశాను. తువ్వాలు వేడినీళ్లలో ముంచి, పిండి, మన మణికట్టు లోపలివైపు పెట్టి ఓర్చుకోగలిగితేనే ఆమెకు. వేళ్లతో చూడొద్దు, వంటింటి వేళ్లకు వేడి తెలియదు.

మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ చూస్తే అదే 6. తల ఇంకా వెనక్కే తిరిగి ఉంది. కాగితం ప్రకారం 6 దగ్గర 5 గంటలు గడిస్తే ఆలోచించాలి. ఆ గడువు 3 గంటలకు. నీళ్ల వల్ల వచ్చిన ఊరట కూడా తగ్గిపోతోంది. ఎంత నొప్పి అని అడిగితే పదికి తొమ్మిది అంది. ఎక్కడ అని ఈసారి అడిగాను. చేయి వెనక్కి పెట్టి చూపించింది, అరచేయంత చోటు. కడుపులో? "కడుపుల ఆరు. గది ఓర్సుకుంట." పక్కనుంచి వాళ్లమ్మ, "నడుముల పదారణాల నొప్పి ఉన్నది బిడ్డా" అంది.

అప్పుడు నీళ్ల సూదులు. ఇంజెక్షన్ పొడులు కలిపే స్టెరైల్ వాటర్ మాత్రమే, అందులో మందేదీ లేదు. నడుము కింద రెండు గుంటలుంటాయి కదా, అక్కడ చెరొకటి, వాటికి రెండు మూడు సెంటీమీటర్ల కింద, కొంచెం లోపలికి ఇంకో రెండు. ఒక్కోచోట 0.1 మిల్లీలీటర్, చర్మం పొరలోనే, చిన్న బొబ్బ లేచేలా. ఉప్పు లేని నీరు కాబట్టి చర్మంలో భగ్గుమంటుంది. ఆ మంట కందిరీగ కుట్టినట్టు అరనిమిషం ఉంటుందని ముందే చెప్పాలి, దాచకూడదు. చెప్పాను. "అరనిమిషం ఐసుముక్క పట్టుకున్నట్టేనా?" అంది. అంతకన్నా ఎక్కువే అన్నాను. సరే అంది. డాక్టరమ్మ ఆర్డర్ రాశారు. నొప్పి శిఖరానికి వస్తున్నప్పుడు, నేనూ ఇంకో నర్సూ చెరో పక్కన ఒకేసారి పొడిచాం, ఒక్కొక్కరం రెండేసి. అరిచింది, నన్ను తిట్టింది కూడా. 2.20.

2.30కి నడుములో ఎంత అని అడిగితే మూడంది. తర్వాతి నొప్పి వచ్చి పోయాక, తల వాళ్లమ్మ భుజం మీద వాల్చి నోరు తెరిచి నిద్రపోయింది. మూడు నిమిషాల నిద్ర. మళ్లీ నొప్పి, మళ్లీ నిద్ర. పొద్దుటి నుంచి ఆమెకు దొరకని విరామం అది. గదిలో అందరం గుసగుసగా మాట్లాడుకున్నాం.

ఈ సూదుల మీద అతిగా ఆశ పెట్టుకోవద్దు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో 1,866 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో అరగంటకు నడుము నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్లు నీళ్ల సూదులకు 60.8 శాతం, పోల్చి చూడటానికి ఇచ్చిన ఉప్పునీటి సూదులకు 31.4 శాతం. ఆపరేషన్లు మాత్రం తగ్గలేదు. కడుపులో నొప్పికి ఇవి పనిచేయవు. రెండు గంటల దాకా ఉంటుంది, కావాలంటే మళ్లీ ఇవ్వొచ్చు. సూది గుచ్చి 'మందు లేని ఉపశమనం' అనడం సబబేనా అని ఒక తోటి నర్సు నాతో వాదించింది. వాదన బాగానే ఉంది. నాకు మాత్రం, బిడ్డకు చేరేదేమీ లేదు, మత్తు లేదు, లేచి నడవొచ్చు, చిల్లర డబ్బులతో అయిపోతుంది. ఆ పేరు ఉన్నా లేకున్నా నాకు ఒకటే.

నడుము వదలగానే భంగిమలు మార్చగలిగాం. అంతకుముందు ఎటు తిప్పినా ఒప్పుకోలేదు. చేతులు, మోకాళ్ల మీద కాసేపు, ఎడమవైపు తిరిగి మోకాళ్ల మధ్య మడత పెట్టిన దుప్పటి పెట్టుకుని కాసేపు. 3 గంటలకు డాక్టరమ్మ చూస్తే 7 సెంటీమీటర్లు, తల పక్కకు తిరిగింది. "తిరుగుతోంది, వదిలేయండి" అన్నారు. సూదుల వల్లే తిరిగిందని నేను అనను. ఎలాగూ తిరిగేదేమో. కానీ వెల్లకిలా బిగుసుకుని పడుకున్న మనిషి లోపల బిడ్డకు తిరగడానికి చోటు తక్కువ, ఇంత మటుకు నమ్ముతాను.

4.15కి ఉమ్మనీరు పోయింది, తేటగా ఉంది. బిడ్డ లోపలే మలం వదిలి అది పచ్చగా ఉంటే ఈ కథ వేరే దారి పట్టేది. 4.30 తర్వాత నడుము మళ్లీ మొదలైంది. ఇంకోసారి సూదులు వేయమంటావా అంటే చేయి అడ్డంగా ఊపింది. గడిలో 'డి' రాశాను. మళ్లీ చెంబు నీళ్లు, మళ్లీ వాళ్లమ్మ చేతులు. అప్పటికి ఆ చేతులు వణుకుతున్నాయి. తుంటి నొక్కడం నేను అందుకున్నాను. పది నొప్పులు నొక్కేసరికి నా బొటనవేళ్ల కీళ్లు పట్టేశాయి, ఆమె పొద్దుటి నుంచి చేస్తోంది.

5 దాటాక వణుకు, ఒక వాంతి, మళ్లీ "నాతోని గాదు". ఈసారి ఆ మాటకు అర్థం వేరు. దాదాపు అందరూ 9 సెంటీమీటర్ల దగ్గర ఈ మాటే అంటారు, మాకది గడియారం లాంటిది. ఇక్కడ ఏ ఉపాయమూ పనిచేయదు, పక్కన మొహంలో మొహం పెట్టి కూర్చునే మనిషి తప్ప. మస్కట్ నుంచి భర్త వీడియో కాల్ చేశాడు. అమ్మాయి ఫోన్ వైపు ఒక చూపు చూసి, "తర్వాత చేయి" అని పక్కకు తోసేసింది.

5.30కి పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు, తెరుచుకుంది. తోసేయమని కేకలు వేయలేదు. తోయాలనిపించినప్పుడే తోసింది, మొదట మోకాళ్ల మీద మంచం తలవైపు పట్టుకుని, తర్వాత అలసి ఎడమ పక్కకు ఒరిగి. ఐదు నిమిషాలకోసారి గుండె. తల కనబడ్డాక వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కింద ఆనించి పట్టుకున్నాను. ఇది నొప్పికీ మంచిదే, పెద్ద చిరుగులు పడకుండానూ కాపాడుతుంది. మంట మొదలైనప్పుడు తోయకుండా "ఉయ్యాలో" అనమన్నాను. తల మెల్లగా వచ్చింది. 6.52కి ఆడపిల్ల, 3.05 కిలోలు, పుట్టగానే ఏడ్చింది, తల్లి రొమ్ము మీదే తుడిచాం. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కత్తిరించాం.

ఆ తర్వాత మందులు వచ్చాయి. రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు తొడకు. అది అందరికీ ఇస్తాం, నొప్పికి కాదు. చిన్న చిరుగుకు రెండు కుట్లు, వాటికి తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ ఇచ్చి. కుట్టేటప్పుడు మందు లేకుండా ఓర్చుకో అనే పాత అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. నేను ఒప్పుకోను. ఎపిసియాటమీ, అంటే బిడ్డ వచ్చే దారిని కత్తిరించి వెడల్పు చేయడం, అవసరం రాలేదు.

ఆ వారంలోనే కాపలావాళ్లతో కూర్చున్నాం. కాన్పు తోడుకు ఇప్పుడు ఆకుపచ్చ పట్టీ చేతికి కడతాం, రౌండ్ వచ్చినా ఆ పట్టీ ఉన్న మనిషి కదలదు. కేస్‌షీట్‌లో నేను సొంతంగా ఒక గీత కలిపాను: నొప్పి ఎక్కడ, రెండు నొప్పుల నడుమ పోతోందా లేదా. 'నొప్పులు బాగున్నాయి' అని రాయడం మానేశాను. పదినిమిషాలకు ఎన్ని, ఎన్ని సెకన్లు, అంతే రాస్తున్నాను.

రెండో రోజు పొద్దున వార్డుకు వెళ్తే బిడ్డ అమ్మమ్మ ఒడిలో ఉంది, అమ్మమ్మ భుజాలకు బామ్ రాసుకుని కూర్చుంది, వార్డంతా ఆ వాసనే. ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అని అమ్మాయిని అడిగాను. ఇది ప్రతి కాన్పు తర్వాతా అడుగుతాను. బంతి పర్వాలేదంది. చెంబు నీళ్లు బాగున్నాయంది. వీపు రుద్దుతానని వచ్చిన స్టూడెంట్ నర్సును మాత్రం చంపేయాలనిపించిందట. కడుపు నొప్పి ఏమాత్రం తగ్గలేదని, తగ్గిందని రాసుకోవద్దని చెప్పింది. రాసుకోలేదు.

"గా నీళ్ల సూదులు మంచిగున్నయ్ అక్కా. పొద్దుగాలనే ఎందుకియ్యలె?"

10 గంటలప్పుడు ఏం చెప్పావో గుర్తుందా అని అడిగాను. గుర్తుందంది. నొప్పి పోతలేదని చెప్పినా, మీరు మంచిదే అన్నరు, మంచిదే కావచ్చు అనుకున్న అంది.